అబ్రాహాము ఏ రోజున నీతిమంతుడయ్యాడు? విశ్వాసం, క్రియల చిక్కుముడి

ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్లూ, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన బాప్టిస్టులూ వియ్యమందిన ఇంట్లో ఈ వాదన ఎప్పుడో ఒకసారి భోజనాల దగ్గరికి వస్తుంది. పాపం నుంచి రక్షణ విశ్వాసం వల్లే వస్తుందా, మంచి పనులు కూడా కావాలా? ఒకరు రోమా పత్రిక మూడో అధ్యాయం తీసి చదువుతారు: "ధర్మశాస్త్రసంబంధమైన క్రియలు లేకుండ విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము." రెండోవారు ఊరుకోరు, యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీస్తారు: "మనుష్యుడు విశ్వాసమూలముననే గాక క్రియలమూలమునను నీతిమంతుడని యెంచబడునని మీరు దీనివలన గ్రహింతురు." ఇద్దరూ చదివింది ఒకటే బైబిలు, కానీ ఒకరి వాక్యం రెండోవారి వాక్యానికి ఎదురు నిలబడ్డట్టే కనిపిస్తుంది.

"రెండూ కావాలి లెండి" అని సర్దిచెప్పి పాయసం వడ్డించేస్తే గొడవ ఆగుతుంది గానీ చిక్కు విడదు. రెండూ కావాలంటే దేని కోసం కావాలి, ఏది ముందు, ఏది వెనుక? రెండు వేల ఏళ్ల తగువంతా అక్కడే ఉంది. నా మటుకు నాకు రోమా పత్రిక అనే ఉత్తరం రాసిన పౌలుకీ, యాకోబు పత్రిక రాసిన యాకోబుకీ మధ్య పడేంత గొడవ లేదనే అనిపిస్తుంది. ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన లూథర్‌కీ, రోము కథోలిక సంఘానికీ మధ్య మాత్రం నిజంగానే తేడా ఉంది. అయితే మనం అనుకునేంత పెద్దది కాదు, అనుకునే చోటా లేదు.

ముందు అబ్రాహాము సంగతి చూడాలి. పౌలు, యాకోబు ఇద్దరూ సాక్షిగా పిలిచింది ఆయన్నే. అంతేకాదు, ఆదికాండంలోని ఒకే వాక్యాన్ని ఇద్దరూ ఎత్తి చూపారు: "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను." ఇది పదిహేనో అధ్యాయంలోది. పిల్లలు లేని ముసలాయనను దేవుడు రాత్రిపూట బయటికి తీసుకొచ్చి, నక్షత్రాలు లెక్కపెట్టగలవేమో చూడు, నీ సంతానం అలా ఉంటుంది అంటాడు. ఆయన నమ్మాడు. ఆ నమ్మకమే నీతిగా లెక్కకొచ్చింది. అప్పటికి ఆయన చేసిన ఘనకార్యమేదీ ఆ లెక్కలో లేదు.

తర్వాతి అధ్యాయంలో ఇష్మాయేలు పుట్టేసరికి ఆయనకు 86 ఏళ్లు. సున్నతి ఆజ్ఞ వచ్చేది పదిహేడో అధ్యాయంలో, 99 ఏళ్ల వయసులో. అంటే నీతిమంతుడని ఎంచబడ్డాక కనీసం 13 ఏళ్లు గడిచిన తర్వాతే సున్నతి జరిగింది. పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో పట్టుకున్నది సరిగ్గా ఈ తేదీల లెక్కనే. ఆ నీతి ఆయనకు సున్నతి అయ్యాక వచ్చిందా, కాకముందు వచ్చిందా అని అడిగి, కాకముందే కదా అంటాడు. కోర్టులో లాయరు దస్తావేజు తేదీ చూపించి కేసు గెలిచినట్టుంటుంది ఆ వాదన.

యాకోబు ఎత్తుకున్నది వేరే రోజు, ఇరవై రెండో అధ్యాయంలోది. ఇస్సాకు పుట్టేసరికి తండ్రికి నూరేళ్లు. మోరీయా కొండ ఎక్కేనాటికి ఆ పిల్లవాడు దహనబలికి కట్టెలు మోయగలిగేంత పెద్దవాడయ్యాడు. అంటే నక్షత్రాల రాత్రికీ బలిపీఠం కట్టిన రోజుకీ మధ్య చాలా ఏళ్ల దూరం ఉంది. కొడుకును బలిపీఠం మీద పెట్టినప్పుడు, అబ్రాహాము దేవుని నమ్మెను అన్న పాత లేఖనం నెరవేరింది అంటాడు యాకోబు. ఏనాడో పలికిన మాట ఆ రోజు నిజమని తేలిందన్నమాట.

కాబట్టి పౌలు మొదటి రోజు గురించి మాట్లాడుతున్నాడు. దేవుడు మనిషిని ఏ ఆధారం మీద చేర్చుకుంటాడన్నది ఆయన ప్రశ్న. యాకోబు మాట్లాడేది చాలా ఏళ్ల తర్వాతి రోజు గురించి. దేవుడు తనను చేర్చుకున్నాడని చెప్పుకునేవాడి నమ్మకం నిజమైనదో కాదో ఎలా తెలుస్తుందన్నది ఈయన ప్రశ్న. ప్రొటెస్టెంటు పండితులు ఎక్కువమంది చెప్పే వివరణ ఇదే, నాకూ ఇదే సబబనిపిస్తుంది. కథోలికులు యాకోబు మాటను ఇంకో రకంగా తీసుకుంటారు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఎవరు ఎవరికి రాశారన్నది కూడా మరిచిపోకూడదు. గలతీయ సంఘాలకు కొందరు వచ్చి, క్రీస్తును నమ్మితే సరిపోదు, సున్నతి చేయించుకోవాలి, మోషే ధర్మశాస్త్రం పాటించాలి, అప్పుడే దేవుని ప్రజల్లో పూర్తిగా కలిసినట్టు అని చెప్పారు. అంతియొకయలో పేతురంతటివాడే అన్యజనుల విశ్వాసులతో ఒకే పంక్తిలో తింటూ తింటూ, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే జంకి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయం చదివితే ఆ వేడి ఇప్పటికీ తగులుతుంది. ఎవరితో కూర్చుని తినొచ్చు, ఎవరితో తినకూడదు అన్న గొడవ ఎంత లోతుకు పోతుందో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

యాకోబు ఎదురుగా ఉన్నవాళ్లు వేరు. వాళ్లకు సున్నతి గొడవ లేదు. బంగారపు ఉంగరం పెట్టుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చినవాణ్ణి రండి, ఇక్కడ కూర్చోండి అంటారు. మురికిబట్టల పేదవాణ్ణి అక్కడ నిలబడు అంటారు, లేకపోతే నా పాదపీఠం దగ్గర కూర్చో అంటారు. కట్టుకోను బట్టలు లేక, ఆ పూట తిండి లేక ఒక సహోదరుడో సహోదరియో వస్తే "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని నోటితో దీవించి పంపేస్తారు. అలాంటివాళ్లు మాకు విశ్వాసం ఉంది అంటుంటే యాకోబుకు ఒళ్లు మండింది. దేవుడు ఒక్కడేనని నమ్ముతున్నావా, మంచిదే, దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయి అన్నాడు.

అంటే పౌలు కొట్టిపారేసిన క్రియలూ యాకోబు కావాలన్న క్రియలూ ఒకటి కావు. ఒకవైపు సున్నతి, ఆచారం, దేవుని ముందు హక్కుగా చూపించుకునే అర్హత. మరోవైపు ఆకలితో వచ్చినవాడికి ఇంత అన్నం. యాకోబు చెప్పినదాన్ని పౌలు ఎక్కడా కాదనలేదు. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే ప్రయోజనకరమని అదే గలతీ పత్రికలో రాశాడు. "క్రియలవలన కలిగినది కాదు" అన్న ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం తొమ్మిదో వచనం మన ఇళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసులో సృష్టించబడ్డామని చెప్పే పదో వచనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది.

అయితే ఒక ముడి ఇంకా మిగిలింది. క్రియలు రుజువు మాత్రమే అయితే చివరి తీర్పు క్రియలను బట్టి అని ఎందుకు రాసి ఉంది? ఈ మాట చెప్పినవాడు యాకోబు కూడా కాదు. దేవుడు ప్రతివానికి వాని వాని క్రియల చొప్పున ప్రతిఫలం ఇస్తాడని రోమా పత్రిక రెండో అధ్యాయంలో పౌలే రాశాడు. మత్తయి 25లో యేసు చెప్పిన గొర్రెలు, మేకల తీర్పులో విశ్వాసం అన్న మాటే రాదు. ఆకలిగా ఉంటే పెట్టావా, చెరసాలలో ఉంటే చూడటానికి వచ్చావా, ఇవే ప్రశ్నలు. విశ్వాసమాత్రం చేత అని గట్టిగా చెప్పే బోధకులు ఈ అధ్యాయం దగ్గర కొంచెం ఇబ్బంది పడతారు, పడాలి కూడా. కానీ ఆ కథలో కుడివైపున ఉన్నవాళ్లు ఏమంటున్నారో వినండి. ప్రభువా, నువ్వు ఆకలితో ఉండగా మేమెప్పుడు చూశాం అని ఆశ్చర్యపోతారు. చేసినదాని లెక్క వాళ్ల దగ్గర లేదు. పుణ్యం కూడబెట్టుకుందామని చేసినవాళ్లయితే తేదీలతో సహా చెప్పేవారు. అందుకే ఆ తీర్పులో క్రియలు కొలబద్ద అయినా, అవి జీతం కోసం చేసిన కూలిపని కావు. పని చేసేవాడికి ఇచ్చే జీతం బాకీ తీర్చడమే అవుతుంది తప్ప దానం అవ్వదని పౌలు అన్నది ఈ తేడా గురించే.

యేసు పక్కన సిలువ మీది దొంగ సంగతీ తప్పకుండా వస్తుంది. బాప్తిస్మం లేదు, దానధర్మం లేదు, ఆదివారం ఆరాధన లేదు, అయినా అదే రోజు పరదైసు దొరికింది. ఆయనను చూపించి ఇక క్రియలు ఎందుకనేవాళ్లున్నారు. ఆ మేకుల మీద ఉండి కూడా ఆయన చేయగలిగినంత చేశాడని వాళ్లు గమనించరు. పక్కవాణ్ణి మందలించాడు, తన తప్పు ఒప్పుకున్నాడు, యేసు నిర్దోషి అని నలుగురూ వినేలా చెప్పాడు.

ఇక లూథర్. ఆయన జర్మనీలో అగస్టీనియన్ సన్యాసి. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం), ఇన్ని చేసినా దేవుడు తనను అంగీకరించాడన్న ధైర్యం రాలేదు. ఎంత చేస్తే సరిపోతుందో తెలియని టెన్షన్ అది. రోమా పత్రిక చదువుతుంటే నీతి సంపాదించుకునేది కాదు, ఇవ్వబడేది అని అర్థమై గుండె తేలికపడింది. అదే రోజుల్లో రోములో సెయింట్ పీటర్స్ బసిలికా కట్టడానికి డబ్బు కోసం టెట్జెల్ అనే బోధకుడు పాపపరిహార పత్రాలు అమ్ముకుంటూ తిరుగుతున్నాడు. 1517 అక్టోబరు 31న లూథర్ తన 95 వాదాంశాలను బయటపెట్టాడు.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాల్లో అలవాటైపోయిన ఒక పొరపాటు ఉంది. ఆ పత్రంతో రక్షణ కొనుక్కోవచ్చని రోము సంఘం సిద్ధాంతంగా ఎన్నడూ చెప్పలేదు. క్షమాపణ పొందాక కూడా మిగిలే శిక్షకు, చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించే స్థలంలో అనుభవించాల్సినదానికి అది ఉపశమనం అని చెప్పింది. కానీ సంతలో నిలబడి అమ్మేవాడి నోట ఆ సన్నటి గీత చెరిగిపోయింది. కొనే జనానికి మిగిలింది డబ్బు ఇస్తే పాపం పోతుందన్న మాటే. లూథర్ కోపం ముందు ఆ అమ్మకం మీదే వచ్చింది.

లూథర్ యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడని మనవాళ్లు ఎంతో ఉత్సాహంగా చెబుతారు. అది నిజమే. 1522 నాటి తన కొత్త నిబంధన ముందుమాటలో మిగతా పత్రికలతో పోల్చి అలా రాశాడు, తర్వాతి ముద్రణల్లో ఆ వాక్యం తీసేశాడు. చెప్పనిదల్లా ఏంటంటే, అదే 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో విశ్వాసం ఊరికే కూర్చోదని, మంచి పని ఎడతెగకుండా చేయకుండా ఉండటం దానికి సాధ్యం కాదని రాశాడు. మంచి పనులు మనిషిని మంచివాణ్ణి చేయవు, మంచివాడైన మనిషి మంచి పనులు చేస్తాడన్నది 1520లో ఆయన చెప్పిన మాట. ఇది చదివితే యాకోబుకు పెద్దగా అభ్యంతరం ఉండేది కాదేమో.

రోము జవాబు 1547 జనవరిలో కథోలిక బిషపుల ట్రెంట్ మహాసభ ఆరో సమావేశంలో వచ్చింది. ప్రొటెస్టెంటు ఇంట్లో పెరిగిన ఎవరైనా ఆ తీర్మానాలు మొదటిసారి చదివితే ఉలిక్కిపడతారు. మొదటి శాసనమే ఇలా ఉంటుంది: క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా తన సొంత క్రియలతో మనిషి దేవుని ముందు నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాడు శాపగ్రస్తుడు. నీతిమంతుడిగా తీర్చబడటానికి ముందు మనం చేసేదేదీ, విశ్వాసం గానీ క్రియలు గానీ, ఆ కృపకు మనల్ని అర్హుల్ని చేయదని ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అంటే మనం చెప్పుకునే "కథోలికులు క్రియలతో రక్షణ సంపాదించుకుంటారు" అన్న మాటను ట్రెంట్ మహాసభే శపించింది. సొంత ప్రయత్నంతో మనిషి పాపం లేకుండా బతకగలడన్న పెలాగియస్ బోధను 418లోనే కార్తేజు సభ తోసిపుచ్చింది. ఆ విషయంలో రెండు పక్షాలూ పెలాగియస్‌ను ఎదిరించిన అగస్టీన్ పిల్లలే.

మరి తేడా ఎక్కడ? ఇరవై నాలుగో శాసనంలో. మంచి పనులు నీతికి ఫలాలూ గుర్తులూ మాత్రమేనని, ఆ నీతి పెరగడానికి అవి కారణం కావని ఎవరైనా అంటే ట్రెంట్ ఒప్పుకోదు. కథోలికుల దృష్టిలో నీతి అంటే దేవుడు మనిషి లోపల పోసే కొత్త జీవం. లోపల ఉన్నది కాబట్టి పెరగగలదు, పెద్ద పాపం చేస్తే పోగలదు, పాపసంకీర్తనం లాంటి సంఘ సంస్కారాల ద్వారా మళ్లీ రాగలదు. యాకోబు మాటను వాళ్లు అన్వయించేది ఈ పెరుగుదలకే. లూథర్‌కు నీతి అంటే క్రీస్తుది. అది విశ్వాసి లెక్కలో పడుతుంది. అందులో హెచ్చుతగ్గులు ఉండవు. పెరిగేదల్లా పవిత్రతే, అది వేరే ఖాతా. కాబట్టి మొదటి అడుగు కృప వల్లే అన్నదాంట్లో తగువు లేదు. మొదటి అడుగు పడ్డాక మనిషి నడిచే నడక ఆ నీతిలో భాగమా, దాని ఫలితమా అన్నదగ్గరే దారులు చీలాయి.

మాటల గొడవలా కనిపిస్తుంది గానీ బతుకులోకి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. మంచం పట్టిన లూథరన్ పెద్దాయన్ని ధైర్యంగా ఉన్నావా అని అడిగితే క్రీస్తు చేసినదాన్ని చూపిస్తాడు. కథోలిక పెద్దాయన గురువుగారిని పిలిపించి పాపసంకీర్తనం చేసి, అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) తీసుకుంటాడు. ఇద్దరూ కృప మీదే ఆనుకున్నారు, కానీ ఆ కృప తన దగ్గరికి ఎలా వస్తుందన్న ఊహ ఇద్దరిలో వేరు.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన అర్హత వల్ల కాకుండా కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, మంచి పనులకు మనల్ని సిద్ధపరిచే పరిశుద్ధాత్మను ఇస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమి అందులో చేరారు. అందరు లూథరన్లూ ఒప్పుకోలేదు. అమెరికాలోని మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘం, అసలు తేడా అలాగే ఉంది, దాని మీద దుప్పటి కప్పారంతే అంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. పాత శాపాలు ఎదుటివాళ్ల ఇప్పటి బోధకు తగలవని ప్రకటన చెప్పింది గానీ ఇరవై నాలుగో శాసనాన్ని ఎవరూ కొట్టివేయలేదు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే. అయినా మన పల్లెల్లో ఆర్‌సీఎం వాళ్ల మీద చేసే ప్రసంగాల్లో 1999 ఇంకా రాలేదు.

మన దగ్గర ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి దిగి బురదలో నిలబడ్డ చోటు ఒంగోలు. 1876–78 నాటి ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. మాకు బాప్తిస్మం ఇవ్వండని గుంపులుగా అడిగారు, ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో కరువులో తెలియదు కాబట్టి, సహాయ పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గి, పంచే కూలీ ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మామూలుగా మనిషి తన మంచి పనితో దేవుని కృపను కొంటాడేమోనన్నది భయం. క్లౌ భయం తిరగేసి ఉంది: సంఘం చేసిన మంచి పని మనుషుల విశ్వాసాన్ని కొనేస్తుందేమోనని. అందుకే అన్నం పెట్టడం ఆపకుండా బాప్తిస్మం మాత్రం ఆపాడు. ఆశించేందుకు ఏమీ మిగలని రోజు దాకా ఆగి చూశాడు. అందులో అన్యాయం కూడా ఉందనిపిస్తుంది నాకు. ఆకలితో వచ్చినవాడి నమ్మకాన్ని అనుమానించి, కడుపు నిండినవాడి నమ్మకాన్ని అలా ఎవరూ ఆపి చూడరు. ఉంగరం పెట్టుకున్నవాడి సంగతి యాకోబు చెప్పనే చెప్పాడు.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. విశ్వాసమాత్రం చేతనే రక్షణ అన్న బాప్టిస్టులు ఈ జాబితా ఎందుకు పెట్టారని అడగొచ్చు. ఆనాటి ఊరు తెలిసినవాళ్లకు ఆ మూడు మాటలూ చిన్నవి కావు. చచ్చిన పశువును తీయడం, కబురొస్తే చేలోకి దిగడం, అమ్మవారి కొలుపులో డప్పు కొట్టడం, ఇవే ఊరికీ పల్లెకూ ఉన్న కట్టు. ఆ కట్టులోంచే ఏడాదికింత గింజలు వచ్చేవి. రాను, తినను, కొట్టను అన్నవాడు తిండిగింజలను పణంగా పెడుతున్నాడు. ఊరి పెద్దలతో చిక్కులు కూడా వచ్చాయి. పత్రిక ఒక్క ముక్క చదవలేని ఆ మనిషి, మోరీయా కొండ ఎక్కినాయన పక్కన నిలబడగలడు.

అవే మాటలు నాలుగు తరాల తర్వాత వేరేగా వినబడతాయి. మనవడికి పట్నంలో ఉద్యోగం, ఆదివారం ఎలాగూ సెలవు, డప్పు కొట్టమని పిలిచేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ నియమాలు పాటించడానికి పైసా ఖర్చు లేదు, కాబట్టి సంఘాలు కొత్తవి చేరుస్తుంటాయి. బొట్టు పెట్టకూడదు, కొన్నిచోట్ల నగలు పెట్టకూడదు, సినిమా చూడకూడదు, దశమభాగం తప్పకూడదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పేం లేదు, ఇష్టంతో మానేసేవాళ్లూ ఉన్నారు. కానీ చెవులకు కమ్మలున్న అమ్మాయిని చూసి "ఈ పిల్ల ఇంకా రక్షణ పొందలేదు" అని పక్కబెంచీ ఆవిడ గుసగుసలాడినప్పుడు గలతీయ సంఘంలోని సున్నతి గొడవ మళ్లీ మొదలైనట్టే. కృప వల్లే రక్షణ అని అదే గుడిలో అదే ఉదయం ప్రసంగం జరిగి ఉంటుంది. ఆ గుడి గుమ్మం దగ్గర ముష్టి ఎత్తుకునే ముసలావిడ గురించి మాత్రం ఏ నియమాల జాబితాలోనూ ఏమీ రాసి ఉండదు.